ఆట కాదని చెప్పే మాట

జూలై 9

అక్కా,

ఫోన్ చేస్తే నువ్వు మధ్యలో అడ్డుపడతావు, నేను అలుగుతాను, చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోతుంది. ఉత్తరమైతే నా మాట చివరిదాకా విని తీరాలి నువ్వు.

నీ కూతురు బాగుంది. బడి తెరిచి నెల తిరగకముందే క్లాసంతా దాన్ని లాయరమ్మ అంటున్నారు. నా ఇంట్లో ఉంటూ, నా బడిలో, నా ఏడో తరగతిలోనే కూర్చోవడం మొదట్లో దానికి నామోషీగా ఉండేది. ఇప్పుడు గేటు ఇవతల పిన్నీ అనీ గేటు దాటగానే టీచర్ అనీ పిలవడం అలవాటు చేసుకుంది. నీకూ బావకీ డ్యూటీలు కుదురుకునేదాకా దాని గురించి బెంగ పెట్టుకోకు.

అసలు సంగతి చెబుతాను. నా పిల్లలు అడగరు. అర్థమైందా అంటే అయిందంటారు, అర్థం కాలేదా అన్నా అవునంటారు. అందుకని ఒక ఆట పెట్టాను. పేరు తూచ్. రోజూ పాఠంలో మూడు సంగతులు గట్టిగా చెబుతాను, అందులో ఒకటి అబద్ధం. అనుమానం వచ్చినవాళ్ళు, చిన్నప్పుడు మనం ఆటల్లో అన్నట్టే, తూచ్ అనాలి. ఊరికే అంటే కుదరదు. ఏది తప్పు, ఎందుకు తప్పు, నీకెలా తెలుసు, ఈ మూడూ చెప్పాలి. చెప్పలేకపోతే ఆ బెంచీ ఆ రోజుకి అవుట్.

వెనక బెంచీలో ఒక పిల్ల ఉంది, దాన్ని మైకు అంటారు. అది గుసగుసలాడినా వరండా చివరిదాకా వినిపిస్తుంది. నిన్న పాఠంలో బొమ్మ చూసి తూచ్ అని ఒక్క అరుపు అరిచింది. చెట్టుకి ఎడమవైపు సూర్యుడున్నాడు, నీడా ఎడమవైపే పడింది. ఇన్నేళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాను, ఆ బొమ్మ తప్పని నా కళ్ళకి ఎప్పుడూ ఆనలేదు.

నీ కూతురైతే ఇంకో మెట్టు పైన ఉంది. మొన్న రెండు సంగతులు చెప్పి, "ఆట అయిపోయింది, పుస్తకాలు తియ్యండి" అన్నాను. లాయరమ్మ లేచి, "తూచ్. మూడోది ఇంకా రాలేదు కాబట్టి ఆట అయిపోయిందన్నదే ఇవాళ్టి అబద్ధం" అంది. అడ్డంగా దొరికిపోయాను. క్లాసు చప్పట్లతో దద్దరిల్లింది. అప్పట్నుంచి అదీ ఆటలో భాగమే. నేను ఇది ఆట కాదన్నా సరే, ఊరికే నమ్మకూడదు.

పెద్ద మేడం కిటికీలోంచి చూసి, "ఏమిటీ గోల?" అన్నారు. ఆలోచిస్తున్నారండీ అన్నాను. ఆవిడ నవ్వలేదు.

నీ చెల్లెలు, ప్రస్తుతానికి సంతోషంగా

జూలై 20

ఏమే పంతులమ్మా,

అబద్ధాలు చెప్పి జీతం తీసుకుంటున్నది నువ్వొక్కదానివే అనుకుంటాను.

ఆదివారం మీ బావ కూతురితో ఫోన్లో "నేను సిగరెట్లు మానేశాను తల్లీ" అన్నాడు. అది "తూచ్. గొంతు వింటే తెలుస్తోంది నాన్నా, పైగా మాట్లాడుతూ రెండుసార్లు దగ్గావు" అంది. ఆయన ఫోన్ నా చేతిలో పెట్టి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే.

సరదాకి అంటున్నాను గానీ నాకు లోపల గుబులుగానే ఉంది. నేను పనిచేసే ఆపరేషన్ థియేటర్లో సర్జన్ కత్తెర అంటే కత్తెరే. "ఎందుకండీ, ఎలా తెలుసండీ" అని నేను మొదలుపెడితే బల్ల మీదున్న మనిషి ఏమైపోవాలి? అడగడం నేర్పు, కాదనను. లేవమంటే లేవడం కూడా నేర్పు. నువ్వు చిన్నప్పట్నుంచీ అంతే, ఏదైనా తలకెత్తుకుంటే అందులో సగమే చూస్తావు.

దాని జుట్టుకి నూనె పెడుతున్నావా? ఫొటోలో చీపురులా ఉంది.

అక్క

ఆగస్టు 14

అక్కా,

ఫోన్లో ఏడుపు తప్ప ఏమీ చెప్పలేకపోయాను, క్షమించు. లాయరమ్మ క్షేమం. ఒంటి మీద గీత కూడా పడలేదు. ముందు ఈ రెండు మాటలూ మళ్ళీ చదువుకుని, తర్వాత కిందకి రా.

మా క్లాసు పై అంతస్తులో. మెట్ల కింద స్టోర్ రూమ్ ఉంది, విరిగిన బెంచీలూ రంగు డబ్బాలూ అందులోనే పడేస్తారు. వారం నుంచి కింద గోడలకి రంగులేస్తున్నారు. మంగళవారం ఆట మధ్యలో నాకు ఏదో కాలుతున్న వాసన తగిలింది. తలుపు తీసి చూస్తే మెట్ల దగ్గర సన్నగా పొగ. "పిల్లలూ, లేవండి. కింద మంటలున్నాయి. ఆట కాదు" అన్నాను.

ఎవరూ లేవలేదు అక్కా. నవ్వుతున్నారు. ఒకరు తూచ్ అన్నారు. కింద రంగులేస్తున్నారు కాబట్టి వాసన వస్తుంది, నిజంగా మంటలైతే గంట మోగేది, పక్క క్లాసు కూడా కదల్లేదు. మూడు కారణాలు వరసగా చెప్పారు. మంటల వల్ల కరెంటు పోయి గంట మోగలేదని అప్పటికి నాకూ తెలియదు. నేను ఆట కాదని అరిచినకొద్దీ వాళ్ళు చప్పట్లు కొట్టారు. టీచర్ ఇవాళ భలే నటిస్తున్నారు అన్నారెవరో. చివరికి ముందు బెంచీవాళ్ళని రెక్కలు పట్టి లాగి వరండాలోకి తోశాను. పొగ చూశాక పరుగెత్తారు.

అందరూ దిగారు. మైకు మాత్రం చాలాసేపు పొగ మింగింది. ఆసుపత్రిలో ఉంది. ప్రాణానికి భయం లేదన్నారు గానీ గొంతు లోపల కాలినట్టయిందట, మాట రావడం లేదు. నిన్న చూడ్డానికి వెళ్తే వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి, లోపలికి రావద్దని చేత్తో సైగ చేసింది.

వచ్చే నెల మొదట్లో విచారణ. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అప్పుడు తెలుస్తుంది. నువ్వు ఇప్పుడు రాకు. నిన్ను చూస్తే నేను నిలబడలేను.

నీ చెల్లెలు

ఆగస్టు 19

చెల్లీ,

నీ ఉత్తరంలో "ఒకరు తూచ్ అన్నారు" అని ఉంది. ఎవరా ఒకరు?

నీ నుంచి నిజం రాదని తెలిసి నా కూతుర్నే ఫోన్లో అడిగాను. "నేనేనమ్మా" అంది. ఆ తర్వాత ఎంత అడిగినా నోరు విప్పలేదు. ఇంకో గంటకి మీ పెద్ద మేడం ఫోన్. "టీచర్ లేవమని ఆజ్ఞ ఇచ్చారు, మీ అమ్మాయి ధిక్కరించి మిగతావాళ్ళని కూర్చోబెట్టింది. మీ చెల్లెలి స్టేట్‌మెంట్ అలాగే ఉండబోతోంది, మీకు ముందే చెప్పడం ధర్మం" అంది.

ఇదన్నమాట. నాకు చెప్పకుండా దాచింది ఇందుకా? పన్నెండేళ్ళ పిల్లని అడ్డం పెట్టుకుని నీ కుర్చీ కాపాడుకుంటావా? నిప్పు లేనిదే పొగ రాదంటారు. నీ దగ్గర రెండూ వచ్చాయి, నింద మాత్రం నా బిడ్డ నెత్తిన పడుతోంది.

నేను చేతులు ముడుచుకు కూర్చునే దాన్ని కాదు. తల్లిగా రాయాల్సింది ఇవాళే బడికి రాసి పంపించాను. విచారణ అయ్యాక దాని బట్టలు సర్దిపెట్టు, వచ్చి తీసుకుపోతాను.

ఈసారి కింద అక్క అని రాయబుద్ధి కావడం లేదు.

ఆగస్టు 20

అక్కా,

నీ నుంచి ఇంకా జవాబు లేదు. వచ్చేలోపే నీతో ఒక విషయం చెప్పాలి.

ముందు తూచ్ అన్నది మన లాయరమ్మే. ఆ పేరు నా చేత్తో కాగితం మీద పెట్టడం ఇష్టం లేక ఒకరు అని రాశాను. నీ దగ్గర కూడా దాచాను, తిట్టుకో. అది ఇంట్లో అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతోంది, దానికి తోడు నీ కేకలు కూడా వద్దనుకున్నాను. అది చెప్పిన మూడు కారణాలూ సరైనవే. నేను నేర్పినట్టే చూసింది, విన్నది, పోల్చింది. అన్నీ సరిగ్గా చేసి తప్పు చోటికి చేరింది. నన్ను నిద్రపోనివ్వనిది అదే.

పెద్ద మేడం ఒక స్టేట్‌మెంట్ టైపు చేయించి తెచ్చారు. టీచర్ ఆజ్ఞ ఇచ్చింది, ఫలానా విద్యార్థిని ధిక్కరించింది అని ఉంది. "ఇక్కడ సంతకం పెట్టమ్మా. పిల్లకి ఒక హెచ్చరిక ఇస్తారు, అంతకంటే ఏముంది? నీ ఉద్యోగం నిలబడుతుంది, బడి పరువూ నిలబడుతుంది" అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు, భయపడుతున్నారు. నేను పెట్టనన్నాను. విచారణ దాకా ఆలోచించుకోమని కాగితం నా బల్ల మీదే వదిలి వెళ్ళారు.

ఆలోచించడానికి ఏముంది? "ఆట కాదు అన్నా నమ్మవద్దు" అని చప్పట్లు కొట్టి మరీ నేర్పింది నేను. నిజంగా అవసరం వచ్చినప్పుడు చెప్పడానికి ఒక్క మాట కూడా మిగుల్చుకోలేదు. అదే చెబుతాను. ఉద్యోగం పోతే పోతుంది.

నిన్ను కోరేది ఒక్కటే. నీ ముక్కు మీద కోపం నాకు తెలుసు. బడికి మాత్రం ఏమీ రాయకు. తల్లి సంతకంతో వచ్చిన ఏ కాగితాన్నయినా విచారణలో పైకి చదువుతారు, ఆ పిల్ల ఎదురుగానే.

నీ చెల్లెలు

ఆగస్టు 24

చెల్లీ,

నా ఉత్తరమూ నీ ఉత్తరమూ దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం నేనని అమ్మ అనేది, ఊరికే అనలేదు.

బడికి ఏం రాశానో చెబుతాను. ఈ టీచర్ పిల్లలకి అబద్ధాలు నేర్పుతోందని రాశాను. నా కూతురు చిన్నపిల్ల, దానికి సొంత ఆలోచన లేదు, టీచర్ ఎలా ఆడిస్తే అలా ఆడింది అని రాశాను. ఇలాంటి మనిషిని క్లాసులో ఉంచకూడదని కూడా రాశాను. మేడం ఫోన్‌తో నువ్వు దాన్ని బలిచేస్తున్నావనే అనుకున్నాను. నిన్ను ఒక్క మాట అడగలేదు.

మీ బడికి ఫోన్ చేసి నా కాగితం వెనక్కి ఇచ్చేయమన్నాను. ఫైల్లో పెట్టేశామమ్మా, ఇక తీయడం కుదరదు అన్నారు. పెద్ద మేడం గొంతులో ఊరట వినిపించింది. నీ సంతకం దొరక్కపోయినా నా సంతకం దొరికింది కదా ఆవిడకి.

నేను రానా? సెలవు ఇవ్వరు, అయినా వస్తాను. నువ్వు ఆ మేడం చెప్పినచోట సంతకం పెట్టినా నేనేమీ అనను. కాదు, అంటాను. ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

అక్క

సెప్టెంబర్ 3

అక్కా,

అయిపోయింది. నువ్వు రావాలనుకున్నావు, వద్దని నేనే ఆపాను, మంచిదే అయింది. ఆ గదిలో నువ్వు కూర్చోలేకపోయేదానివి.

స్టాఫ్ రూమ్‌లో బల్లలన్నీ ఒకటిగా కలిపి, అటువైపు కమిటీవాళ్ళు ముగ్గురు, ఇటువైపు నేను, నా పక్కన మన లాయరమ్మ. గోడవారగా కొందరు తల్లిదండ్రులు. మైకు వాళ్ళమ్మ తలుపు పక్కన కూర్చుంది, ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. నా వంతు రాగానే నీకు రాసిందే చెప్పాను. పెద్ద మేడం కళ్ళు మూసుకున్నారు.

ఆ తర్వాత కమిటీ పెద్దాయన నీ కాగితం తీశాడు. నేను లేచి, పిల్లని బయటికి పంపి చదవండి అన్నాను. ఆయన వినిపించుకోలేదు. తాపీగా, ప్రతి మాటా విడదీసి చదివాడు. నీ కూతురు అంతా విన్నది. చదవడం పూర్తయ్యాక, "చూడమ్మా, మీ అమ్మగారు చెప్పింది నిజమేనా?" అని అడిగాడు.

అది లేచి నిలబడింది. "తూచ్" అంది. ఆటలో అన్నట్టు కాదు. చాలా నెమ్మదిగా అంది. ఆయనకి ఆ మాట అర్థం కాలేదు. "అంటే?" అన్నాడు.

"మా అమ్మ ఆ రోజు ఇక్కడ లేదండీ. ఆవిడకి ఎలా తెలుస్తుంది? నాకు సొంత ఆలోచన ఉంది. మూడు కారణాలు చెప్పి మరీ వద్దన్నాను. తప్పుగా ఆలోచించాను. టీచర్ నన్ను ఆడించలేదు" అంది. కూర్చుని చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. నాకు ఏడుపు ఆగలేదు అక్కా, కమిటీ ముందే ఏడ్చాను.

అప్పుడు పక్క క్లాసు మాస్టారు లేచాడు. ఆయన చెప్పిన సంగతి ఆ క్షణం దాకా మాకెవరికీ తెలియదు. వాళ్ళ క్లాసు తలుపు వేసి ఉంది, పాఠం నడుస్తోంది. మైకు అందరితోపాటు దిగిపోకుండా ఆ తలుపు దగ్గరికి వెళ్ళి, పొగలో నిలబడి, "నిజంగానే మంటలు! తూచ్ కాదు! రండి!" అని తలుపు బాదుతూ అరిచిందట. వాళ్ళందరూ బయటపడేదాకా అరుస్తూనే ఉందట. ఆ పిల్ల గొంతు అలా పోయింది. మాస్టారు ఇన్నాళ్ళూ తాను చెప్పకుండా, తన క్లాసు పిల్లల్నీ ఎందుకు చెప్పనివ్వలేదని అడిగితే, వాసన తెలిసి కూడా గంట మోగలేదని తాను పట్టించుకోలేదనీ, అది బయటపడుతుందని భయపడ్డాననీ తల దించుకున్నాడు.

నన్ను ఉద్యోగంలో ఉంచారు. ఆట కూడా ఆపక్కర్లేదట, అయితే ఆపడానికి ఒక గుర్తు పెట్టుకోమన్నారు. నేను రెండు చేతులూ తల మీద పెట్టుకుంటే అది నిజం, దాని మీద తూచ్ లేదు. అంతవరకే. తొలిరోజే పెట్టుకోవాల్సిన గుర్తు అది.

బయటికొస్తూ మైకు వాళ్ళమ్మ నా ముందు ఆగింది. "మీరు మంచివారే అయివుండొచ్చు. నా పిల్ల మాట నాకు కావాలి" అని వెళ్ళిపోయింది.

నీ చెల్లెలు

సెప్టెంబర్ 9

ఏమే పంతులమ్మా,

ఉత్తరం థియేటర్ బయట బెంచీ మీద కూర్చుని చదివాను. నా కూతురు నలుగురిలో నన్ను తూచ్ అంది. కోపం రావాలి కదా? రాలేదు. పక్కనున్న నర్సుకి కూడా చదివి వినిపించాను. ఆవిడ, "మీ అమ్మాయిని మా ఆయన మీదకి ఒకసారి పంపించు" అంది.

నీ దగ్గర నేను తలెత్తుకోలేను, ఆ సంగతి ఎదురుగా చెబుతాను, కాగితం మీద కాదు. ఇప్పటికి ఒక్క మాట. గెలిచావు. ఉద్యోగం ఉంది, ఆట ఉంది, పిల్ల పేరు చెడలేదు. మైకు కూడా కోలుకుంటుంది. మా చెవి, ముక్కు, గొంతు డాక్టరుని అడిగాను, పిల్లల గొంతు మెల్లగా అయినా తిరిగొస్తుందన్నాడు. ఆయన చూడకుండా చెప్పిన మాటే అనుకో, అయినా నేను నమ్ముతున్నాను.

నా కూతుర్ని అక్కడే ఉంచు. బట్టలు సర్దమన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. రేపటి నుంచే ఆట మొదలుపెట్టు. వాళ్ళ నోళ్ళు మళ్ళీ తెరిపించు.

అక్క, పూర్తి హక్కులతో

సెప్టెంబర్ 17

అక్కా,

నేను గెలిచానన్నావు. నిన్నటిదాకా నేనూ అలాగే అనుకున్నాను.

సోమవారం ఆట మొదలుపెట్టాను. కొత్త గుర్తు నేర్పాను, రెండు చేతులూ తల మీద పెట్టి చూపించాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. బుద్ధిగా చూసి వాళ్ళూ పెట్టుకున్నారు. తర్వాత మూడు సంగతులు చెప్పాను. అబద్ధం తేలిగ్గానే పెట్టాను, కాస్త ఉత్సాహం వస్తుందని. ఎవరూ తూచ్ అనలేదు. సిగ్గుపడుతున్నారేమో అనుకున్నాను. మంగళవారం ఇంకా తేలిక చేశాను. అదే వరస.

నిన్న బోర్డు దగ్గర నిలబడి, "నీళ్ళు మరిగిస్తే గడ్డకట్టి మంచు అవుతాయి" అన్నాను. చేతులు తల మీద పెట్టలేదు. క్లాసంతా తలలు వంచుకుని రాసుకుంది. కలాల చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ అన్నాను. మళ్ళీ రాశారు. బెంచీల మధ్య నడుస్తూ చూశాను. ప్రతి పుస్తకంలోనూ ఉంది, చక్కటి దస్తూరితో. వాళ్ళని ఇంత బుద్ధిగా నేనెప్పుడూ చూడలేదు. పెద్ద మేడం కిటికీ దగ్గర ఆగి, క్లాసు బాగా దారిలో పడింది అన్నట్టు తల ఊపి వెళ్ళారు.

లాయరమ్మ పుస్తకంలో కూడా ఉంది అక్కా. కింద గీత కూడా గీసింది.

ఇంటికొచ్చాక, బూట్లు విప్పుతుంటే అడిగాను. "నీళ్ళు మరిగిస్తే మంచు కాదని నీకు తెలియదా?"

"తెలుసు పిన్నీ."

"మరి తూచ్ అనలేదేం?"

బూటు లేసు విప్పుతూనే ఉంది, ముడి ఎప్పుడో ఊడిపోయింది. "మైకు ఇంకా మాట్లాడ్డం లేదు కదా" అంది.

దగ్గరికి తీసుకుని, "నీ తప్పు కాదే" అన్నాను. "సరే పిన్నీ" అంది. నేనేమన్నా ఇప్పుడు సరే అంటోంది. అన్నం తినమంటే సరే, పడుకోమంటే సరే, నీ తప్పు కాదంటే సరే. ఒకప్పుడు ప్రతి మాటకీ నాతో గొడవపడిన పిల్ల.

క్లాసు సంగతి నేను చూసుకుంటాను. ఏడాది పట్టినా, రెండేళ్ళు పట్టినా వాళ్ళ చేత మళ్ళీ అడిగిస్తాను. ఇది మాత్రం నావల్ల కావడం లేదు. నీ తప్పు కాదని నేను చెబితే రాసుకుంటుందే గానీ నమ్మదు. నీతో అయితే వాదిస్తుంది. కమిటీ ముందు నీ మాటనే కదా కాదంది.

సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా వచ్చేయ్ అక్కా. వచ్చి దానితో పోట్లాడు.

నీ చెల్లెలు